మోకాళ్ల కింది బండ

నేను ఒక నాపరాయిని. నా రంగు వాన రాబోయే ముందటి ఆకాశానిది. మీలో చాలామంది మీ వంశాన్ని ఏడు తరాలకు మించి ఏకరువు పెట్టలేరు కనుక, నా వంశప్రతిష్ఠ విని కుంగిపోవద్దని ముందుగానే మనవి చేస్తున్నాను. కర్నూలు సీమ సముద్రంగా ఉన్న రోజుల్లో, ఆ సముద్రపు అడుగున బురద మీద బురద పేరుకొని నేను పుట్టాను. పండితులు నా వయస్సు వంద కోట్ల ఏళ్లంటారు. తెల్లగుట్టపల్లె చర్చి సంఘపెద్ద యోవేలుగారు బైబిలు లెక్కన ఆరువేలకు మించి ఒక్క ఏడు కూడా ఒప్పుకోరు. ఈ వివాదంలో నా సాక్ష్యం ఎవరూ కోరలేదు. కోరితే ఒక్కటే చెప్పేదాన్ని: సముద్రం కింద ఉన్నంతకాలం నాకు పొద్దు తెలియలేదు; మనుషుల కింద చేరిన తరువాతనే కాలం గడవడం కష్టమైంది.

గనిలో నన్ను తల్లిపొర నుంచి చీల్చినవాడు ఏసోబు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. సుత్తితో నన్ను మూడుచోట్ల తట్టి, తల వంచి చెవి ఒగ్గి విన్నాడు. లోపల పగులున్న రాయి బొంగురుగా పలుకుతుంది, పగులు లేనిది కంచులాగా పలుకుతుంది. నేను కంచులాగా పలికాను. అతను నవ్వి, పక్కన తట్ట పట్టుకొని నిలుచున్న కొత్త పెళ్లాంతో, ఇది మంచి ఇంటికి పోయే బండ అన్నాడు. ఆ పెళ్లాం పేరు దీనమ్మ. నా మీద మొదటి అభినందన వాక్యం పలికిన మనిషిగా ఏసోబును నేను మన్నిస్తాను. తక్కిన మానవజాతి విషయంలో అంత తొందరపడను.

అతని జోస్యం ఫలించింది. ఆ ఊరి పెద్దరెడ్డిగారి మేడ గడప ముందు నన్ను మొదటి మెట్టుగా పరిచారు. పద్దెనిమిది సంవత్సరాలు ఆ సింహద్వారం దగ్గర కొలువు తీరాను. తహసీల్దార్ల చెప్పులు, కాంట్రాక్టర్ల బూట్లు, పెళ్లికూతుళ్ల పారాణి పాదాలు నన్ను తొక్కి ధన్యమయ్యాయి. నన్ను చీల్చిన ఏసోబు మాత్రం గని కూలీ అడగడానికి వచ్చినప్పుడల్లా నాకు నాలుగడుగుల దూరంలోనే చెప్పులు చేతబట్టుకొని ఆగేవాడు. రాయిని చీల్చవచ్చు, మోయవచ్చు, నునుపు చేయవచ్చు. తొక్కడానికి మాత్రం వేరే కులం కావాలి. ఈ శాస్త్రం ఎవరు రాశారో నాకు తెలియదు కాని, రాసినవాడు రాయి కాడని ఘంటాపథంగా చెప్పగలను.

తరువాత మేడకు రాజస్థాన్ పాలరాయి వచ్చింది. పాత మెట్టును ఏం చేయాలన్న ప్రశ్నకు రెడ్డిగారి ఔదార్యం జవాబు చెప్పింది: నన్ను మాలపల్లె చర్చికి దానం చేశారు. పూలదండ వేశారు, ఫోటో తీశారు, యోవేలుగారు పావుగంట కృతజ్ఞతోపన్యాసం చేశారు. తొక్కి తొక్కి వదిలేసిన మెట్టును దేవునికి సమర్పించిన మహాదాతను ఆకాశానికెత్తడం చూసి నాకు మనుషుల ఆకాశం ఎంత ఎత్తుందో అర్థమైంది. ఏసోబు తమ్ముడు నతాను బండలు పరిచే మేస్త్రీ. అతను నన్ను తెచ్చి చర్చిలో ప్రభువు బల్లకు ఎదురుగా పరిచాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం తీసుకునేవారు నా మీద మోకరించాలి. ఆనాటి నుంచి నేను పాదాలను విడిచి మోకాళ్ల విద్యలో ప్రవేశించాను.

మోకాళ్లు ముఖాల కన్నా నిజం పలుకుతాయి. ఒకడు మోకరించీ మోకరించకుండా మడమల మీద బరువు దాచుకుంటాడు. ఒకామె చీర నలుగుతుందని రుమాలు పరిచి దేవుని ముందు తన్ను తాను తగ్గించుకుంటుంది. ఒకడు మోకాళ్లతోనే గడియారం చూసుకుంటాడు. ఇవన్నీ నేను ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ప్రసంగాలను. ప్రతి ప్రసంగంలోనూ ఎవరో ఒకరు పాపి గుండెను నాతో పోల్చి నన్ను అవమానించేవారు. రాతి గుండెలట. అయ్యా, నేను పుట్టినప్పుడు మెత్తని బురదను. ఇంత గట్టిపడడానికి నాకు ఒక సముద్రం బరువూ కోట్ల ఏళ్లూ కావలసివచ్చాయి. మనిషికి ఒక్క వానాకాలం చాలు.

యోవేలుగారిని మీకు సరిగా పరిచయం చేయాలి. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. తెల్లని పంచె, మడత నలగని కండువా, పరీక్ష హాలులో ముప్పై ఏళ్లు కాపలా కాసిన కళ్లు. పాస్టరు అయ్యగారు నెలకొకసారి మాత్రమే వచ్చే సంఘం కనుక మిగతా మూడు ఆదివారాలూ దేవుని పక్షాన ఆయనే హాజరయ్యేవారు. అవిశ్వాసం దొంగలాంటిది, ఎవరి గుండెలో దూరుతుందో తెలియదు, కాపలా కాయండి అని ఆయన ప్రతి వారం హెచ్చరించేవారు. కాపలా ఎవరు కాయాలన్న విషయంలో ఆయనకు సందేహం లేదు. సంఘమంతా కళ్లు మూసుకొని ప్రార్థిస్తుంటే ఆయన కళ్లు తెరుచుకొని వరుసల మధ్య తిరుగుతూ, ఎవరు ఆమెన్ చెప్పారో, ఎవరు చెప్పలేదో మనస్సులో రాసుకొనేవారు.

ఈ వేటకు ఆయన ఒక శాస్త్రాన్ని కూడా కనిపెట్టారు. ఎక్కువగా ప్రార్థించేవారికి మోకాళ్ల మీద కాయలు కాస్తాయని ఆయన గురువు ఎప్పుడో చెప్పాడట. కాబట్టి కమిటీలోకి ఎవరినైనా తీసుకునే ముందు మగవాళ్ల మోకాళ్లు చూసేవారు. ఆడవాళ్లకు మర్యాద పాటించి చీలమండలతో సరిపెట్టేవారు. మోకరించి మడమల మీద కూర్చునేవారికి అక్కడ చర్మం గట్టిపడుతుందని ఆయన సిద్ధాంతం. వంద కోట్ల ఏళ్లలో నేను చూసిన శాస్త్రాల్లో ఇంత సులభమైనది, ఇంత ప్రమాదకరమైనది మరొకటి లేదు.

ఇక్కడ ఒక రహస్యం చెప్పకుండా ముందుకు పోలేను. యోవేలుగారి మోకాళ్లు నాకు మొదట్లో బాగా తెలుసు. మొదటి మూడేళ్లు ఆయన నా మీద మోకరించేవారు. నిజంగానే మోకరించేవారు, మడమల మీద బరువు దాచకుండా. ఆ తరువాత ఆయన భార్య సుగుణమ్మకు కడుపులో గడ్డ లేచింది. ఆ వేసవి అంతా ఆయన బరువు నా మీద రోజురోజుకూ పెరిగింది. సుగుణమ్మ ఆగస్టులో పోయింది. సమాధి చేసి వచ్చిన మరుసటి ఆదివారం నుంచి ఆయన నిలబడే ప్రార్థించారు. మోకాళ్ల నొప్పులని అందరితో చెప్పారు. ప్రతి శుభ శుక్రవారం సిలువ మోసే ఊరేగింపులో అందరికన్నా ముందు గుట్ట ఎక్కే మోకాళ్లకు వంగేటప్పుడు మాత్రమే వచ్చే ఆ నొప్పి ఏ వైద్యగ్రంథంలోనూ ఉండదు. ఇతరుల గుండెల్లో దొంగ కోసం వెతికే అలవాటు ఆయనకు సరిగ్గా ఆ నెలలోనే పట్టుకుంది.

ఆరేళ్ల తరువాత ఏసోబు మంచం పట్టాడు. ఇరవై ఏడేళ్లు మింగిన రాతిదుమ్ము అతని ఊపిరితిత్తుల్లో గట్టిపడింది. ఈ విషయంలో నాకు బంధుత్వరీత్యా కొంత సిగ్గు ఉంది. పట్నం డాక్టర్లు చేతులెత్తేశారు. యోవేలుగారు ఆ ఇంట్లో నలభై రోజుల ప్రార్థన పెట్టి, ఏసోబు లేస్తాడని ప్రభువు తనకు తెలియజేశాడని ప్రకటించారు. వెంటనే ఆ ప్రకటనకు ప్లీడరు రాసినట్టు ఒక షరతు తగిలించారు: ఇంట్లో ఎవరి విశ్వాసమూ సడలకుంటే. ముప్పై ఎనిమిదో రోజు ఏసోబు చనిపోయాడు. షరతు పనిలోకి దిగింది. దినాలు కాకముందే ప్రసంగపీఠం మీద నుంచి, ఆ ఇంట్లో ఒకరు అనుమానించారు, అందుకే కార్యం చెడింది అన్న మాట వెలువడింది.

ఆ ఒకరు ఎవరో కనుక్కోవడానికి శాస్త్రం సిద్ధంగా ఉంది. దీనమ్మ బండల పాలిష్ ఫ్యాక్టరీలో మిషను దగ్గర పొద్దంతా నీళ్లలో నిలబడి పనిచేస్తుంది. ఆమె చీలమండలు నానిన శనగల్లాగా మెత్తగా ఉన్నాయి. దానికి తోడు మొగుడు పోయిన తరువాత ఆమె ఆమెన్ అనడం మానేసింది. రెండు రుజువులు చాలాయి. వచ్చే మొదటి ఆదివారం ఆమె నా మీద మోకరించి తన అవిశ్వాసం వల్లనే భర్త చనిపోయాడని అందరి ముందు ఒప్పుకుంటేనే ప్రభువు బల్లకు రానిస్తామని యోవేలుగారు తీర్పు చెప్పారు. ఒప్పుకుంటే మొగుణ్ణి చంపినదవుతుంది. ఒప్పుకోకుంటే సంఘానికి వెలి అవుతుంది. ఇంత చక్కని బోనును గనిలో ఏ కమ్మరీ చేయలేడు.

అదే నెలలో అదే శాస్త్రం మరొక అద్భుతం చేసింది. కమిటీలో ఖాళీ పడింది. నతాను చర్చి అరుగు మీద లుంగీ మడిచి కూర్చొని బీడీ కాలుస్తుండగా యోవేలుగారి చూపు అతని మోకాళ్ల మీద పడింది. ఇరవై ఏళ్లు ఊరి ఇళ్లన్నిటా మోకాళ్ల మీద పాకుతూ బండలు పరిచిన మోకాళ్లవి. ఒంటె మోకాళ్లకు తీసిపోవు. యోవేలుగారి కళ్లు చెమర్చాయి. క్రిస్మస్ భోజనానికి తప్ప చర్చి గడప తొక్కని ఆ మనిషిని, దాగి ఉన్న మహా ప్రార్థనాపరుడని చాటి కమిటీలోకి తీసుకున్నారు. నతాను కాదనలేదు. తమాషా చూద్దామనుకున్నాడు.

ప్రతి శనివారం చర్చి కడగడం దీనమ్మ వంతు. ఆ శనివారం ఆమె నన్ను రుద్దుతుండగా నతాను వచ్చి బల్ల కాలికి ఆనుకొని నిలబడ్డాడు.

"వదినా, కమిటీ మెంబరు వస్తే లేచి నిలబడాల."

"నీ పరిశుద్ధత ముందు నిలబడే యోగ్యత నాకు లేదుగానీ, ఆ బకెట్టు ఇట్ల జరుపు."

అతను బకెట్టు జరిపాడు. తరువాత కిందికి కూర్చొని గొంతు మార్చాడు. తన అన్నను చంపింది దుమ్మని ఊరందరికీ తెలుసన్నాడు. ఆ ముసలాయన ఆమె మెడకు ఉరి బిగిస్తుంటే పక్కన కూర్చున్నవాళ్లు పాట పాడుతున్నారన్నాడు.

"ఇంకా ఈడికెందుకొస్తావు వదినా? దేవుడుంటే యాడైనా ఉంటాడు. లేకుంటే ఈడా లేడు. వదిలెయ్ పో."

ఈ తర్కంలో నాకు లోపం కనిపించలేదు. దీనమ్మకు కూడా కనిపించలేదని ఆమె చెయ్యి నా మీద ఆగిన తీరును బట్టి గ్రహించాను. ఆమెను ఇటు నుంచి ఒకడు నెడుతున్నాడు, అటు నుంచి ఒకడు లాగుతున్నాడు. ఇద్దరూ వేర్వేరు కారణాలతో ఆమెను ఒకే ద్వారం బయటికి చేరుస్తున్నారు. నతాను వెళ్లిపోయాడు. ఆమె పీచు పక్కన పెట్టి, తడిగా ఉన్న నా మీదనే మోకరించింది. మాట్లాడినప్పుడు ఆ స్వరం ప్రార్థనది కాదు, వీధి కుళాయి దగ్గర తగాదాది.

నిన్ను పొగడను, అడగొద్దు అంది. నా మొగుడు నీ పాటలు పాడి పాడి దగ్గినాడు, దగ్గి దగ్గి పాడినాడు, నువ్వు విన్నావా లేదా అంది. నువ్వున్నావో లేవో నాకు తెల్వదు, ఉంటే నాకు జవాబు బాకీ అంది. మరికొన్ని మాటలు కూడా అంది. అవి నేను చెప్పను, రాళ్లకూ మర్యాద ఉంటుంది. పది నిమిషాలు తిట్టి, కొంగుతో ముఖం తుడుచుకొని లేచింది. లేస్తూ, మళ్లీ వస్తా అంది.

సోమవారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ భోజన విరామంలో వచ్చింది. తిట్టింది. మళ్లీ వస్తా అంది. మంగళవారం వచ్చింది. ఊడ్చేవాళ్ల తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది కనుక ఎవరికీ తెలియలేదు. ఇరవై రెండు రోజులు వచ్చింది. ఒక రోజు మాటలు రాక, తెచ్చుకున్న సంగటి ముద్దను నా పక్కన కూర్చొని తిని, దేవుని వైపు గుర్రుగా చూసి వెళ్లింది. మధురమైన స్తోత్రాలు నేను వేలు విన్నాను. వాటిలో చాలా వరకు గోడలకు చెప్పినవి. ఈమె తగాదా మాత్రం ఎవరితోనో జరిగింది. ఎదుట ఎవరూ లేరని నిజంగా నమ్మినవాడు అంత క్రమం తప్పకుండా తగాదాకు రాడని నాకు ఇరవై రెండు రోజుల్లో తెలిసింది. యోవేలుగారి పరీక్షాధికారి కళ్లకు అది కనపడే అవకాశం లేదు. ఆ వేళ ఆయన నిద్రపోతుంటారు.

మొదటి ఆదివారం వచ్చింది. అయ్యగారు జయశీలంగారు బస్సు దిగి నడిచి వచ్చారు. ఆయన ప్రసంగం పన్నెండు నిమిషాలకు మించదు. ఆ ఊరు ఆయనను పెద్దగా గౌరవించకపోవడానికి కారణం అదే. ప్రసంగం తరువాత యోవేలుగారు లేచి, సంఘంలో ప్రవేశించిన అవిశ్వాసాన్ని గురించి ఉపోద్ఘాతం చెప్పి, దీనమ్మను ముందుకు పిలిచారు. ఆమె చెప్పవలసిన మాటలు ఆయనే ముత్యాలవంటి అక్షరాలతో కాగితం మీద రాసి తెచ్చారు. ఆమె తీసుకుంది. చదివింది. నాలుగు మడతలు పెట్టి నా మీద పెట్టి, దాని మీద మోకరించింది.

"నమ్మకం తగ్గింది నిజమే. అబద్ధం చెప్పను," అంది. "ఏసోబును మోసుకుపోయిన దినం పూర్తిగా పోయింది. మళ్లీ రోజూ కొంచెం ఏరుకుంటాండా. ఆయన్ని నేను చంపినానని మాత్రం చెప్పను. దుమ్ము చంపింది."

యోవేలుగారు, ఇది ఒప్పుకోలు కాదు, గర్వం అన్నారు. గుండె కఠినపరచుకున్నవారి భాష ఇట్లాగే ఉంటుందన్నారు.

ఆమె తల తిప్పి ఆయన వైపు చూసింది. గొంతు పెంచలేదు.

"యోవేలన్నా, సుగుణమ్మక్క పోయినప్పుడు నీ ఇంట్లో ఎవరి నమ్మకం సడలిందని మేము అడిగినామా?"

యోవేలుగారి ముఖాన్ని నేను కింది నుంచి చూశాను. ముప్పై ఏళ్లు ఇతరుల జవాబు పత్రాలు దిద్దిన మనిషికి ఒక్కసారిగా ఖాళీ పత్రం చేతికిచ్చినట్టుంది. ఆయన నోరు తెరిచి, మహా ప్రార్థనాపరుడైన కమిటీ సభ్యుణ్ణి ఆ స్త్రీ కోసం ప్రార్థించమని ఆజ్ఞాపించారు. నతాను లేచాడు. కాసేపు తల గోక్కున్నాడు.

"నాకు ప్రార్థన రాదు సార్. ఈ కాయలు ప్రార్థనకు కాచినవి కావు. మీ హాల్లో బండలు పరిచింది నేనే గదా, రెండు కాయలు మీ ఇంటివే."

వెనుక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు, పక్కవాళ్లు గిల్లారు. జయశీలంగారు మాత్రం నవ్వలేదు. రొట్టె పళ్లెం తీసుకొని బల్ల చుట్టి నా దగ్గరికి వచ్చారు. మోకాళ్లు చూసి బల్లకు పిలవడం తనకెవరూ నేర్పలేదన్నారు. దీనమ్మ చెయ్యి చాచలేదు.

"సగం నమ్మకమే ఉందయ్యా నా దగ్గర."

"నా దగ్గరున్నది విరిచిన రొట్టెనే కదమ్మా. తీసుకో," అన్నారాయన.

ఆమె తీసుకుంది. యోవేలుగారు ఆ రోజు బల్లకు రాలేదు. ఆరేళ్లుగా నిలబడి తీసుకొనేవారు. ఆ రోజు నిలబడి కూడా తీసుకోలేదు.

ఓడిన రాజు కోటను కూల్చినట్టు ఆయన కోపం నా మీద పడింది. పాత బండ జారుతోందనీ, చర్చికి శోభగా లేదనీ వారంలో తీర్మానం చేయించారు. నతానే వచ్చి గడ్డపారతో నన్ను పెకలించి, నా స్థానంలో గులాబీ రంగు పువ్వులున్న టైల్స్ పరిచాడు. నన్ను చర్చి వెనుక, చెప్పుల మట్టి కడుక్కొనే కుళాయి పక్కన పడేశారు. దీనమ్మ దగ్గరున్న తాళంచెవిని కూడా తీసేసుకున్నారు. కొలువు కోల్పోయిన నా వైభవాన్ని ఓదార్చడానికి రెండు కోళ్లూ ఒక ఎలక్ట్రికల్ వైరు ముక్కా మిగిలాయి. మనుషుల మీద నాకున్న అభిప్రాయానికి ఇక అప్పీలు లేదనుకున్నాను.

కాని మరునాటి మధ్యాహ్నం దీనమ్మ వచ్చింది. తాళం వేసిన తలుపు చూసింది, చుట్టూ తిరిగి వెనుకకు వచ్చింది, కోళ్లను అదిలించి నా మీద మోకరించింది. తాళం వేసుకొని కూచున్నావా అని మొదలుపెట్టింది. రోజూ వచ్చేది. తిట్లు తగ్గాయి. మధ్యమధ్య సంగతులు చెప్పేది: ఫ్యాక్టరీలో కొత్త మిషను వచ్చిందని, నతాను బీడీలు తగ్గించాడని, మొన్న నిద్రలో ఏసోబు దగ్గకుండా పాడాడని.

ఒక బుధవారం ఆమెకన్నా ముందు వేరే అడుగులు వినపడ్డాయి. యోవేలుగారు. కండువా లేదు. అటూ ఇటూ చూశారు. ముందు నా మీద కూర్చున్నారు, కాలు నొచ్చిన మనిషి కూర్చున్నట్టు. చాలాసేపటికి కుళాయి గొట్టం పట్టుకొని, ఒక మోకాలు, తరువాత రెండో మోకాలు నా మీద ఆనించారు. ఆరేళ్లలో ఆ బరువు మారలేదు, నేను గుర్తుపట్టాను. ఆయన పెదవులు కదిలాయి గాని శబ్దం రాలేదు. ఆదివారం ఆదివారం నలభై నిమిషాలు ధారాళంగా మాట్లాడే నోటికి ఒక్క మాట దొరకలేదు. నేను జాలిపడ్డానని మీరనుకోవద్దు. ఆ మనిషి ఒక విధవరాలిని హంతకిని చేశాడు. నేను రాయిని, మరచిపోవడం నా స్వభావంలో లేదు. చల్లగా, గట్టిగా, ఉన్నదాన్ని ఉన్నట్టే ఉన్నాను.

పాలిష్ మిషన్ల మోత ఆగింది. దీనమ్మ వచ్చింది. ఆయనను చూసి ఆగింది. ఆయన లేవబోయారు, మోకాళ్లు సహకరించలేదు. నేను చూస్తున్నాను. ఇప్పుడు ఆమె ఏమన్నా న్యాయమే. సంఘాన్నంతా పిలిచి చూపించినా న్యాయమే.

"నాకు మాట రావడం లేదు దీనమ్మా," అన్నారాయన, ముఖం ఎత్తకుండా.

ఆమె చెప్పులు విడిచింది. చేతికున్న తడి పైటకు తుడుచుకుంది.

"రాకుంటే రాకపాయ. వచ్చినావు గదా. రేపు కూడా రా," అంది. "ఇప్పుడు కొంచెం ఆ పక్కకు జరుగన్నా. నాకు ఆయనతో ఇంకా తగాదా తీరలేదు, రెండు గంటలకు మిషను మొదలైతాది."

యోవేలుగారు జరిగారు.